మునెమ్మ ఎరుపు: రా ఫైలు దగ్గరికి నేను చేరిన దారి

కొత్తగా కెమెరా కొన్న పిల్లలు మా ఇంటికి వచ్చి కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "అమ్మా, జేపెగ్‌లో తియ్యాలా, రా ఫైలు తియ్యాలా?" ఇన్నాళ్లూ నోటితోనే చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను. ముఖ్యంగా నేను చేసిన తప్పును కొంచెం చిన్నది చేసి చెబుతున్నానని ఈమధ్య నాకే అనిపించింది. అందుకే రాసి పెడుతున్నాను. రాతలో అయితే దాచుకోవడం కష్టం.

తేడా తెలియనివాళ్లకు ముందు అది చెబుతాను. మీట నొక్కగానే కెమెరా లోపల వెలుగు పడుతుంది. ఆ పడిన వెలుగును ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు దాచిపెడితే అది రా ఫైలు. అది చూడ్డానికి చప్పగా ఉంటుంది, చోటు ఎక్కువ తింటుంది, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మనమే దాన్ని తీర్చిదిద్దాలి. జేపెగ్ అలా కాదు. రంగు ఎంత, వెలుగు ఎంత, పదును ఎంత అని కెమెరాయే అప్పటికప్పుడు తీర్మానించి, అక్కర్లేదనుకున్నది పారేసి, తయారైన బొమ్మను చేతిలో పెడుతుంది. పారేసింది మళ్లీ దొరకదు. ఈ చివరి వాక్యం అర్థం కావడానికి నాకు ఒక మనిషి కడుపు కొట్టినంత పని అయింది.

వంటింట్లో చదువు

చిత్తూరులో మా ఇంటి ముందుగదే నాయన స్టూడియో. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి వెళ్లలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది, అందులోనూ ముందు గోవింద నామాలు, తర్వాతే గుణింతాలు. ఫోటో పని నాయన నేర్పాడు. వంట ముగిశాక వంటింటి కిటికీకి నల్ల దుప్పటి కట్టి, గిన్నెలు జరిపి, ఆ చోటనే ఫిల్ములు కడిగేవాళ్లం. రసం వాసన, మందునీళ్ల వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ రసం తిరగమోత వేస్తే నాకు నెగెటివ్‌లు గుర్తుకొస్తాయి.

నాయనకు ఒక పట్టుదల ఉండేది. ప్రింటు ఎవరు అడిగినా ఇచ్చేవాడు, నెగెటివ్ మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "ప్రింటు చెడిపోతే మళ్లా ఏసుకుంటాం పాపా. నెగెటివ్ పోతే ఇంగ యాడికి పోయి అడుక్కుంటాం?" అనేవాడు. ఆ మాట నేను వందసార్లు విన్నాను. విన్నది పనిలోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

పెళ్లయ్యాక తిరుచానూరు వచ్చాను. మా ఆయన కొండ బస్సు నడిపేవారు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. లాడ్జీల సందులో చిన్న గది తీసుకుని స్టూడియో తెరిచాను. కొండమీద తలనీలాలిచ్చి, గుండ్ల మీద గంధం పూసుకుని వచ్చే కుటుంబాలు, ఆడమనిషి తీస్తుందని ధైర్యంగా కూర్చునే ఇల్లాళ్లు, వీళ్లతోనే నా స్టూడియో నిలబడింది. రోజూ ఉదయం అమ్మవారికి దండం పెట్టుకుని షట్టరు ఎత్తేదాన్ని. ఆ తల్లి నన్ను ఒక్క రోజు కూడా ఖాళీగా కూర్చోబెట్టలేదు.

పెళ్లికూతురి సెట్టింగు

తిరుపతిలో కలర్ ల్యాబు నడిపే దొరస్వామిగారు మాకు యజమాని కాదు గానీ అంతకంటే ఎక్కువ. చుట్టుపక్కల స్టూడియోలన్నీ ఆయన దగ్గరే ప్రింట్లు వేయించేవి. ఆయన ఒప్పుకుంటేనే ఫోటో, లేకపోతే లేదు. రెండు వేల సంవత్సరం దాటాక ఫిల్ము తగ్గి డిజిటల్ వస్తున్న రోజుల్లో, నన్ను పిలిచి, తను వాడి పక్కన పెట్టిన కెమెరాను నా చేతిలో పెట్టారు. "నువ్వు తియ్యి, ఎట్లొస్తాదో సూద్దాం" అన్నారు. ఆ మేలు మరిచిపోను.

కెమెరా ఇస్తూనే రూలు కూడా ఇచ్చారు.

"సూడమ్మా, రా గీ అని తెచ్చినావంటే నా మిషను ముట్టదు. జేపెగ్ తీస్కరా, పది నిమిషాల్లో ప్రింటు చేతిలో పెడతా."

తర్వాత కెమెరా లోపల ఆయనే అన్నీ తిప్పి పెట్టారు. వెలుగు ఒక మెట్టు ఎక్కువ, ఎరుపూ పసుపూ రెండు మెట్లు ఎక్కువ, పదును బాగా. దానికి ఆయన పెట్టిన పేరు పెళ్లికూతురి సెట్టింగు.

"ఇంత ఎరుపా అన్నా?" అని అడిగాను.

"పట్టుచీర పొంగాల, పిల్ల మొగం తెల్లంగా రావాల. మా పిల్ల నల్లంగా వచ్చిందని వాపసు తెచ్చినోళ్లు ఎంతమందో నీకు తెలుసు. తెల్లంగా వచ్చిందని ఒక్కరన్నా తెచ్చినారా?"

నేను నవ్వాను. ఊళ్లో స్టూడియోలన్నీ అదే సెట్టింగులో ఉండేవి. ఆ సెట్టింగును మేము ఎవరమూ మళ్లీ ముట్టుకోలేదు. కెమెరా అంటే అలాగే పుట్టిందన్నట్టు వాడాము. దొరస్వామిగారిది మంచి మనసు, వేగమైన చెయ్యి, కానీ తన మిషనుకు ఏది తేలికో అదే ఫోటోకు మంచిదనుకున్నారు. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నెగెటివ్ దాచిన మనిషి కూతుర్ని నేను, ఆయన కాదు.

మూట విప్పిన మనిషి

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ తెల్లటి మూట చంకలో పెట్టుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది. పేరు మునెమ్మ. ఏర్పేడు దాటాక కాళహస్తి వైపు, ఏటి ఒడ్డున వాళ్ల పల్లె. కలంకారీ పని. భర్త పోయాక ఆ ఇంటి పనిని ఆమే నడుపుతోంది. ఆమె దగ్గర ఇంకో ముగ్గురు ఆడవాళ్లు పనిచేస్తారు.

"ఆడమనిషి ఫోటో తీస్తాదని చెప్పినారు. గుడ్డలకి తీస్తావా అమ్మణ్ణీ?" అంది.

చెన్నైలో చేతిపని బట్టల కొట్టు నడిపే ఒక చెట్టియారు గారు గుడ్డలు చూడాలన్నారట. పూర్వం పుత్తూరు వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లు. ముందు ఫోటోలు సీడీలో పంపాలి, నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. రంగులన్నీ కాయల నుంచి, వేళ్ల నుంచి, పూల నుంచి వచ్చినవే కావాలి. రసాయనం చుక్క కూడా ఉండకూడదు.

మేడమీద తాడు కట్టి, గుడ్డలు పరిచి, ఎండలో తీశాను. ఎప్పుడూ తీసే పద్ధతిలోనే తీశాను. సాయంత్రం కంప్యూటర్లో చూపించాను. తామరలు, హంసలు, రథం చక్రాలు, అన్నీ తెర మీద ధగధగలాడుతున్నాయి. నాకు గర్వంగా ఉంది. మునెమ్మ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"బాగుండాయి. కానీ అమ్మణ్ణీ, నా ఎరుపు ఇంత అరస్తాదా?"

"కంప్యూటర్లో అట్లే ఉంటుంది అక్కా. ప్రింటులో సరిపోతుంది" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలియదు. కానీ నిజమని కూడా తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆ ఎరుపుతో బతికిన మనిషి అడిగితే, ఒక్కసారి గుడ్డ పట్టుకొచ్చి తెర పక్కన పెట్టి చూసి ఉండాల్సింది. సరిగ్గా ఒక్క నిమిషం పని. చెయ్యలేదు. నా వృత్తిలో నేను చేసిన తప్పులన్నిట్లోకి పెద్దది అదే. కెమెరా సెట్టింగు దాని తర్వాతిది.

మాట పడింది

రెండు వారాల తర్వాత మునెమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి మూట లేదు. స్టూలు మీద కూర్చుని నీళ్లు అడిగి తాగింది.

"ఆ సారు వద్దన్నాడు అమ్మణ్ణీ. నాది కెమికల్ అంట."

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె చెబుతూ పోయింది. వేళ్ల నుంచి వచ్చే ఎరుపు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, పూరేకు మొదట్లో ముదురుగా, అంచుకు పలచగా పోతుంది. ఫోటోలో ఎరుపంతా అచ్చు పోసినట్టు ఒక్కతీరుగా ఉందట. అలాంటి ఎరుపు డబ్బా రంగుకే వస్తుందని చెట్టియారు ఫోనులో అన్నారట.

"గుడ్డలే పట్టుకుపోయి చూపిద్దాం అక్కా" అన్నాను.

"చూడనన్నాడు. ఫోటోలో ఒగటి, చేతిలో ఇంగొకటి పెట్టి మునుపు ఎవురో ఆయన్ని మోసం చేసినారంట. గుడ్డ చూపించేకి మంచిది తెస్తారు, తరవాత పంపేది వేరే అన్నాడు. మా ఆడోళ్లు ముగ్గురూ పుత్తూరు కాడ గుడ్డలకి అచ్చేసే షెడ్డుకు పోతామంటా ఉండారు. పోనీలే, నేను ఆపలేను. కానీ మా అత్త కాలం నుంచి మా ఇంట్లో డబ్బా రంగు అడుగు పెట్టలేదు. కెమికల్ అన్న ఆ మాట ఒగటి మోయలేకుండా ఉండా."

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది.

ఆమె వెళ్లాక ఆ ఫోటోలు తెరిచి ఎరుపు తగ్గించి చూశాను. తగ్గింది. ముదురు ఎరుపు కాస్తా ఇటుకపొడి రంగుకు దిగింది, అంతే. రేకులో ఉండాల్సిన ఛాయలు రాలేదు. ఎంత జరిపినా ఒక్కతీరు ఎరుపే. వెలుగు పెంచి, ఎరుపు పెంచిన ఆ సెట్టింగులో, ముదురు ఎరుపూ పలచటి ఎరుపూ రెండూ కెమెరా పట్టగల పైహద్దుకు తగిలి ఒకటైపోయాయి. ఆ తేడాను కెమెరా ఆ క్షణంలోనే పారేసింది. నాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. నా దగ్గర నెగెటివ్ లేదు.

చెట్టియారుకు ఫోను చేసి తప్పు నాదని చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నారు. "మీరు ఆమె తరపు మనిషే గదమ్మా. మీరు ఇంగేం చెబుతారు?" అని పెట్టేశారు.

మరునాడు పొద్దున అమ్మవారి గుడికి వెళ్లి నిలబడ్డాను. ఏమీ కోరలేదు. ఒక పని మొదలుపెడుతున్నాను, మధ్యలో వదలనివ్వొద్దు అని మాత్రం చెప్పుకున్నాను. అక్కణ్ణించి నేరుగా మునెమ్మ పల్లెకు బస్సెక్కాను.

"అక్కా, తెల్లగుడ్డ నుంచి మొదలుపెట్టి ఒక గుడ్డ తయారవడం మొత్తం తీస్తాను. ప్రతి మెట్టూ. ఆ ఫోటోలు, ఆ గుడ్డ రెండూ పట్టుకుని ఇద్దరం పోదాం. అప్పుడు ఆయన ఏమంటాడో చూద్దాం."

"అంతా తీసి మళ్లా అట్లే అరిస్తే?"

"ఈసారి అరవదు."

అన్నాను గానీ, ఎలా అరవకుండా తియ్యాలో అప్పటికి నాకు తెలియదు.

ఇంట్లోనే మళ్లీ మొదటి తరగతి

కెమెరాతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మాటమాటా కూడబలుక్కుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. రా ఫైలు గురించి నాలుగే పేజీలు. ఆ నాలుగు పేజీలకు వారం పట్టింది. డబ్బా అడుగున సీల్ విప్పని సీడీ ఒకటి ఉంది, రా ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్. దొరస్వామిగారు కొన్ననాటి నుంచీ అది అక్కడే ఉందని నాకు అప్పుడే తెలిసింది. మా కంప్యూటర్ ఒక్క ఫైలు తెరవడానికి, నేను పొయ్యి మీద పాలు పెట్టి పొంగకముందే దించి వచ్చేంత సమయం తీసుకునేది.

తెరిచిన మొదటి ఫోటోను పట్టుకెళ్లి దొరస్వామిగారికి చూపించాను.

"ఇదేందమ్మా, నిద్దర లేసి కడుక్కోని మొగం మాదిరుండాది!" అన్నారు.

"కడిగేది మనమే అన్నా. అందుకే అట్లుంది."

"నీకు పనీపాటా లేదు" అన్నారు. కానీ ఆయనే బూడిదరంగు అట్ట ఒకటి వెతికి ఇచ్చారు. రంగు తీసే ముందు ఆ అట్టను అదే వెలుగులో పెట్టి ఒక ఫోటో తీసుకుంటే, తర్వాత కంప్యూటర్లో ఆ అట్టను ఆనవాలు పట్టుకుని మిగతా రంగులన్నీ సరిచేసుకోవచ్చు. ఫిల్ము రోజుల్లో ఆయన నేర్చుకున్న విద్య. వద్దంటూనే ఇచ్చే మనిషి ఆయన.

ఇక్కడ ఇంకో తప్పు రాయాలి, లేకపోతే మీరు రా ఫైలును దేవుణ్ణి చేస్తారు. నేను చేశాను. ఆ ఉత్సాహంలో అన్నిటికీ రా ఫైళ్లే తియ్యడం మొదలుపెట్టాను. ఒక ఇంట్లో పసిబిడ్డకు చెవులు కుట్టించే వేడుక. కంసాలి సూది పట్టుకుని దగ్గరికి వంగే లోపల నేను టకటకా ఆరేడు ఫోటోలు నొక్కేశాను. ఆ పెద్ద ఫైళ్లను కార్డులోకి ఎక్కించుకుంటూ కెమెరా బిగుసుకుపోయింది. ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది, మీట పడదు. సూది దిగింది, బిడ్డ ఏడ్చింది, మేనమామ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు, అందరూ నవ్వారు. నా దగ్గర ఒక్కటీ లేదు.

"ఏందమ్మా, ఇంగోసారి కుట్టమంటావా?" అంది బిడ్డ అమ్మమ్మ. సిగ్గుతో చచ్చిపోయాను.

కాబట్టి పిల్లలూ, నా తీర్పు ఇది. నచ్చకపోతే వాదించండి. కదిలే వేడుకకు, పాస్‌పోర్టు ఫోటోకు, సాయంత్రానికల్లా ప్రింటు ఇవ్వాల్సిన గుంపు ఫోటోకు జేపెగ్ చాలు. మీ సెట్టింగులు మీరు పెట్టుకున్నవై ఉండాలి, అంతే. మళ్లీ దొరకని రంగు, మళ్లీ రాని మనిషి, ఇంకొకరి బతుకు ఆనుకుని ఉన్న ఫోటో అయితే మాత్రం రా ఫైలే తియ్యండి. నేటి కెమెరాలు వేగమైనవి, కార్డులు పెద్దవి, రెండూ ఒకేసారి ఇస్తాయి. మాకు ఆ సుఖం లేదు. అందుకే ప్రతిసారీ ఆలోచించాల్సి వచ్చింది. ఆ ఆలోచించే అలవాటు వదలొద్దు.

ఏటి ఒడ్డున

కార్తీకం వెళ్లాక ఏటిలో నీళ్లు సన్నగా పారుతున్న రోజుల్లో పని మొదలైంది. ఇరవై రోజులకు పైగా వెళ్లి వచ్చాను. కరక్కాయ నీళ్లు, బర్రెపాలు కలిపి తడిపిన గుడ్డ, బెల్లమూ ఇనుపముక్కలూ నానేసిన కుండ, ఆ నీటితో గీసిన నల్లగీతలు. ప్రతి మెట్టులోనూ బూడిదరంగు అట్ట పెట్టి ఒకటి, తీసి ఒకటి. తొందర లేదు కాబట్టి కెమెరా బిగుసుకుపోయినా నేను ఆగగలను.

ఒకరోజు మునెమ్మ గుడ్డ మీద పూరేకుల్లో ఏదో నీళ్లు పూస్తోంది. దగ్గరికి వెళ్లి చూశాను. తడి తప్ప ఏమీ లేదు.

"ఏమి పూస్తున్నావక్కా? రంగేదీ?"

"పటిక నీళ్లు. ఆరినాక ఇది కూడా అగపడదు. వేళ్లపొడేసి ఉడకబెడితే ఈ పటిక ఉండే చోటే ఎరుపు పడతాది. లేనిచోట పట్టదు."

"అంటే ఎరుపు ఇప్పుడే ఉన్నట్టా?"

"ఉండాది. నీకు అగపడదు, అంతే." తల ఎత్తి నవ్వింది. "ఏమి, దీన్ని కూడా ఫోటో తీస్తావా?"

తీశాను. చూసేవాళ్లకు అది తడిగుడ్డ ఫోటో. రా ఫైలంటే ఏమిటో నాకు ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

మరునాడు రాగి బానలో ఉడుకుతున్న నీళ్లలో ఆ రేకులు ఎర్రబడుతుంటే, కెమెరా కళ్లకు పెట్టుకునే ఏడ్చాను. ఆవిరి అని చెప్పాను.

గుడ్డ పూర్తయ్యాక మునెమ్మను తిరుచానూరు పిలిపించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆమె ఒళ్లో గుడ్డ, నా చేతిలో మౌసు. కిటికీ తెరిచి వెలుగు రానిచ్చాను.

"ఇంగొంచెం దించు. అబ్బ, చంపేస్తివి, పైకి తే. ఆ... ఆగు. ఆడ ఆగు."

ఆమె ఆగమన్న చోట ఆగాను. రేకు మొదట్లో ముదురు, అంచుకు పలుచన, మధ్యలో అలలా మార్పు. ఒళ్లో ఉన్నది, తెర మీద ఉన్నది ఒకటే.

ఒక హంస రెక్క దగ్గర ఎరుపు గీత దాటి కొంచెం పక్కకు పాకింది. ఉతుకులో జరిగిన పొరపాటు. అలాంటి మచ్చ చెరపడం నాకు చిటికెలో పని. మౌసు అక్కడికి జరిపాను.

మునెమ్మ నా మణికట్టు పట్టుకుంది. "దాన్ని ముట్టుకోబాక. గుడ్డలో ఉండాది గదా."

చెన్నైలో

చెప్పాపెట్టకుండా వెళ్లాం. ముందు చెబితే రావద్దనేవారేమో. చెట్టియారు గారు తెల్లజుట్టు మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నారు. మునెమ్మను చూసి ముఖం ముడుచుకున్నారు గానీ కూర్చోమన్నారు.

"నేను చెప్పినా గదమ్మా. మళ్లా యాలొచ్చినారు?"

"పది నిమిషాలు చూడండి సార్, తర్వాత పొమ్మంటే పోతాము" అన్నాను.

ప్రింట్లు వరుసగా బల్ల మీద పరిచాను. తెల్లగుడ్డ, నల్లగీతలు, తడిగుడ్డ, బాన, ఏరు, పూర్తయిన గుడ్డ. ఆయన తడిగుడ్డ ఫోటో దగ్గర ఆగారు.

"ఇదేంది, ఏమీ లేదు?"

"పటిక సామీ" అంది మునెమ్మ.

ఆయన ఆమె వైపు ఒకసారి చూశారు. కళ్లజోడు కిందికి దించుకున్నారు. చివరి ప్రింటు తీసుకుని వాకిట్లో వెలుగులోకి వెళ్లారు. "గుడ్డ ఇట్లివ్వు" అన్నారు. మునెమ్మ ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని పరిచారు. ప్రింటును గుడ్డ మీద పెట్టి, వేలితో ఒక్కొక్క రేకూ సరిచూస్తూ పోయారు. హంస రెక్క దగ్గర వేలు నిలిచింది. ప్రింటులో పాకిన ఎరుపు. గుడ్డలో అదే చోట, అదే వంపులో పాకిన ఎరుపు. వేలిని దాని మీద నుంచి దీని మీదికి, దీని మీద నుంచి దాని మీదికి మూడుసార్లు జరిపారు.

"ఆ పాత ఫోటోలు తీసింది ఎవరు?"

"నేనే" అన్నాను.

"ఇవి?"

"ఇవీ నేనే."

"అంటే ఆమె గుడ్డ మొదట్నించీ ఒకటే. మారింది నువ్వు."

"అవును సార్."

ఇంకెవరి పేరూ చెప్పలేదు. సెట్టింగు గురించి చెప్పాలని నాలుక దాకా వచ్చింది. మింగేశాను. మీట నొక్కిన వేలు నాది.

ఆయన గుడ్డను తనే మడత పెట్టారు. మునెమ్మను అడిగారు, "వచ్చే ఉగాది లోపల ఇట్లాంటివి ఎన్ని ఇయ్యగలవు?"

"ఏటిలో నీళ్లుండాల, ఎండ కాయాల. ఇన్నని ముందే చెప్పలేను సామీ. చెప్పినానంటే డబ్బా రంగు ఎయ్యాల్సొస్తాది."

చెట్టియారు మొదటిసారి నవ్వారు. "సరే, అయినంత పంపు."

మునెమ్మ లేవలేదు. "ఒగ మాట సామీ. గుడ్డ పంపే ముందు ప్రెతి గుడ్డకీ ఫోటో పంపిస్తాను. ఆ ఫోటో ఈయమ్మే తియ్యాల."

"ఒగసారి చెడగొట్టినామెతోనే మళ్లానా?"

"తప్పు యాడ జరిగిందో ఈమెకే గదా సామీ తెలిసింది" అంది మునెమ్మ.

నేను బల్ల మీద ప్రింట్లు ఏరుకుంటున్నాను. తల ఎత్తలేకపోయాను. ఆ రోజు నుంచి కళ్లు మసకబారి పని మానేసేదాకా ఆ ఇంటి నుంచి వెళ్లిన ప్రతి గుడ్డకూ నేనే ఫోటో తీశాను. అన్నీ రా ఫైళ్లే. తెర ముందు మునెమ్మ వచ్చి కూర్చుని "ఆడ ఆగు" అనేదాకా ఒక్కటీ పంపలేదు.